వాన కురిపించేది దేవుడా, మబ్బులా?

ప్రశ్న: నేను సైన్స్ చదువుకున్నవాణ్ణి. నీటి పరీక్షలు చేసే ల్యాబ్‌లో ఉద్యోగం. దేవుడంటే నమ్మకం ఉంది. మొన్న మా పాప (ఎనిమిదేళ్లు) “నాన్నా, వాన దేవుడు కురిపిస్తాడా, మబ్బులు కురిపిస్తాయా?” అని అడిగింది. నానమ్మ ఒకటి చెప్పిందట, టీచర్ ఇంకొకటి చెప్పిందట. నేను “రెండూ” అని తప్పించుకున్నాను. అది తప్పించుకోవడమేనని నాకూ తెలుసు, దానికీ తెలిసిపోయింది. మా అమ్మకి పువ్వు పూసినా దేవుడే, పిట్ట కూసినా దేవుడే. నాకు పువ్వు చూస్తే పువ్వే కనిపిస్తుంది. ఎప్పుడైనా సాయంత్రం ఆకాశం చూసి మనసు నిండిపోతుంది గానీ, అది వట్టి మూడ్ ఏమోనని అనుమానం. ఇంకో విషయం. రెండేళ్ల క్రితం మా బాబాయి పొలంలో పిడుగు పడి పోయారు. వచ్చినవాళ్లందరూ “దేవుడి చిత్తం” అన్నారు. పూలల్లో దేవుడుంటే పిడుగులోనూ ఉన్నట్టే కదా? పిడుగులో లేడంటే పూలల్లో ఉన్నాడని ఏ మొహం పెట్టుకుని అంటాం? ప్రకృతిలో దేవుడు ఇప్పుడు, ఇక్కడ పని చేస్తున్నాడని చూడటం నిజంగా కుదిరే పనేనా? లేక నమ్మేవాళ్లు అలా అనుకుని తృప్తి పడతారా?

జవాబు: “రెండూ” అని చెప్పి తప్పించుకున్నానని బాధపడుతున్నారు. నన్నడిగితే సరైన జవాబు అదే. కాకపోతే మీకే నమ్మకం లేకుండా చెప్పారు, పాప పట్టేసింది. పిల్లలు మన మాట వినేలోపే మన మొహం చదివేస్తారు.

ఆ ప్రశ్నలో దేవుడికీ మబ్బులకీ ఒక పోటీ ఉంది. ఆ పోటీ పాప పెట్టింది కాదు, పెద్దవాళ్లం మనం పెట్టిందే. మనం దేవుడి పేరు ఎత్తేది ఎప్పుడో గమనించండి. డాక్టర్లు చేతులెత్తేశాక “ఇక దేవుడే దిక్కు” అంటాం. జ్వరం మాత్రతో తగ్గితే మాత్ర బాగా పనిచేసిందంటాం, మాత్ర లేకుండా తగ్గితే దేవుడి మహిమ అంటాం. అంటే కారణం తెలిసిన చోటల్లా దేవుణ్ణి లేపేసి, కారణం తెలియని చోట కూర్చోబెడుతున్నాం. ఇలా చేస్తూ పోతే మనకు తెలిసింది పెరిగే కొద్దీ ఆయనకు కూర్చునే చోటు తగ్గిపోతూ వస్తుంది. మీ చదువు మీ భక్తిని కొరుక్కు తినేస్తోందని మీకు అనిపించడానికి మూలం ఇక్కడే ఉందని నా అనుమానం.

ఈ పొరపాటు చేసినవాళ్లలో మహామహులున్నారు. 1687లో గురుత్వాకర్షణ సూత్రాన్ని ప్రకటించిన న్యూటన్ గొప్ప ఆస్తికుడు. గ్రహాలు సూర్యుడి చుట్టూ ఎందుకు తిరుగుతాయో లెక్క కట్టి చూపించాడు. ఒక చిక్కు మాత్రం మిగిలింది. గ్రహాలు ఒకదాన్నొకటి కూడా లాగుతాయి కదా, ఆ చిన్న చిన్న తేడాలు పోగుపడి ఏదో ఒకనాడు అమరిక అంతా చెదిరిపోదా? చెదిరే వేళకు దాన్ని మళ్లీ సరిదిద్దాల్సి వస్తుందని, ఆ సరిదిద్దేవాడు దేవుడేనని ఆయన అభిప్రాయం. జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ 1715లో దీన్ని ఎద్దేవా చేశాడు. మధ్యమధ్యలో గడియారానికి కీ ఇచ్చుకోవాల్సి వచ్చే పనివాడా మీ దేవుడు అని. ఆ తర్వాత 1780ల్లో లాప్లాస్ అనే ఫ్రెంచి గణితవేత్త గురు, శని గ్రహాల కదలికల్ని పట్టుకుని కూర్చున్నాడు. వాటిలో కనిపిస్తున్న తేడా పోగుపడేది కాదని, సుమారు 900 ఏళ్ల కాలంలో పెరిగి తగ్గి మళ్లీ మొదటికొచ్చే ఊగిసలాట అని తేల్చాడు. న్యూటన్ దేవుడికి ఇచ్చిన ఉద్యోగం అలా ఊడిపోయింది.

దీనికి ఎదురుగా ఇంకొకాయన ఉన్నాడు. నాకు చాలా ఇష్టమైన మనిషి. జార్జ్ లమేత్ర్, బెల్జియం దేశస్థుడు, కాథలిక్ ఫాదర్, భౌతిక శాస్త్రవేత్త కూడా. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాశాడు. 1931లో, ఇదంతా ఒకే ఒక్క ఆది అణువు నుంచి మొదలై ఉంటుందన్న ఊహను ముందుకు తెచ్చాడు. మనం ఇప్పుడు బిగ్ బ్యాంగ్ అంటున్నదానికి మొదటి రూపం అది. 1951లో అప్పటి పోప్ పన్నెండవ పయస్ ఒక ప్రసంగంలో, సృష్టి జరిగిందన్న విశ్వాసానికి ఈ సైన్స్ బలం చేకూరుస్తోందన్న ధోరణిలో మాట్లాడాడు. వేరే ఎవరైనా అయితే పొంగిపోయేవాళ్లు. లమేత్ర్ ఇబ్బంది పడ్డాడు. తన లెక్కల్ని మతానికి సాక్ష్యంగా వాడటం ఆయనకు నచ్చలేదు. రోజూ ప్రార్థన చేసే ఫాదర్, తన దేవుణ్ణి తన సిద్ధాంతానికే తాకట్టు పెట్టలేదు. సిద్ధాంతం రేపు మారొచ్చు, మారితే దేవుణ్ణీ మార్చుకోవాలా? సైన్స్ ఆగిపోయిన చోట ఆయన దేవుణ్ణి వెతకలేదంటే, వెతకడానికి అంతకంటే మంచి చోటు ఆయనకు దొరికిందన్నమాట.

ఆ చోటు ఏదో ఇప్పుడు చూద్దాం. మనలో చాలామంది దేవుణ్ణి వడ్రంగిలా ఊహించుకుంటాం. కుర్చీ చేశాడు, పక్కన పెట్టాడు, వెళ్లిపోయాడు. కుర్చీ తన మానాన తను ఉంటుంది. విరిగితే వచ్చి బాగుచేస్తాడు, అదే మహిమ. ఆస్తికులూ ఇలాగే ఊహిస్తారు, నాస్తికులూ ఈ వడ్రంగినే కాదంటారు. దీని బదులు పాడేవాణ్ణి ఊహించుకోండి. పాట పాడినంతసేపే ఉంటుంది. ఆయన ఆపితే పాట పాడవదు, అసలు ఉండదు. ఈ స్వరం తర్వాత ఆ స్వరమే ఎందుకొచ్చిందంటే రాగం లెక్క చెబుతుంది. ఆ లెక్క అక్షరాలా నిజం. ఆ లెక్క తెలిసినంత మాత్రాన పాడేవాడు లేకుండా పోడు. పాటలో ఏ స్వరం దగ్గర ఆయన చెయ్యి పడిందని వెతకడమూ ఉండదు. మొత్తం ఆయన గొంతే.

ఇది సైన్స్‌తో రాజీ కోసం నిన్నగాక మొన్న ఎవరో అల్లిన మాట కాదు. బృహదారణ్యక ఉపనిషత్తులో ఉద్దాలకుడు అడిగితే యాజ్ఞవల్క్యుడు అంతర్యామి గురించి చెబుతాడు. భూమిలో ఉంటూ, భూమికంటే వేరై, భూమికి తెలియకుండా, భూమినే శరీరంగా చేసుకుని లోపలి నుంచి నడిపేవాడు. తర్వాత నీళ్లలో, నిప్పులో, గాలిలో, ఇలా ఒక్కొక్కదాని పేరూ ఎత్తి అదే మాట మళ్లీ మళ్లీ చెబుతాడు. రామానుజులు జగత్తు భగవంతుడి శరీరమన్న సిద్ధాంతాన్ని నిలబెట్టింది ఈ మాటల మీదే. “భూమికి తెలియకుండా” అన్నది మీలాంటి ల్యాబ్ మనిషి ప్రత్యేకంగా పట్టుకోవాల్సిన ముక్క. భూమికే తెలియనిది మైక్రోస్కోపుకి దొరుకుతుందా? దొరకలేదని టెన్షన్ పడాల్సిన పని లేదు, దొరుకుతుందని చెప్పిందెవరు?

ఇస్లాం పండితుడు గజాలీ (1111లో మరణించాడు) ఇంకా దూరం వెళ్లాడు. దూది నిప్పు తగిలి కాలినప్పుడు కాల్చింది నిప్పు కాదు, ఆ క్షణంలో దేవుడే అన్నాడు. నేను అంత దూరం వెళ్లను. నిప్పుకి కాల్చే గుణం నిజంగా ఇచ్చాడనుకోవడంలోనే ఇచ్చినవాడి గొప్పతనం నాకు ఎక్కువ కనిపిస్తుంది. అయితే ఆయన ఎందుకలా అన్నాడో మాత్రం అర్థం చేసుకోగలను. “సృష్టించి వదిలేశాడు” అనే సోమరి భక్తి కంటే ఆ మాట వెయ్యి రెట్లు నయం.

సిద్ధాంతం చాలు. మీరు అడిగింది చూడటం గురించి.

వానతోనే మొదలుపెడదాం. నీళ్లు మీ వృత్తి కాబట్టి ఇందులో కొంత మీకు తెలిసిందే అయ్యుంటుంది, అయినా వినండి. గాలిలోని ఆవిరి ఊరికే బిందువు కాలేదు. పట్టుకుని కూర్చోవడానికి దానికి ఒక రేణువు కావాలి. సముద్రంలో అల విరిగినప్పుడు ఎగిరిన ఉప్పు కావచ్చు, ఎడారి దుమ్ము కావచ్చు, పొగలోని మసి కావచ్చు. దాని చుట్టూ నీరు చేరి మబ్బు బిందువు అవుతుంది. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో నూరో వంతు, మహా అయితే దానికి రెట్టింపు. అంత చిన్నది కిందికి రాదు, గాలిలో తేలుతూ ఉంటుంది. అలాంటివి పది లక్షల దాకా ఒకటైతే మామూలు వాన చినుకు ఒకటి. అది పడేటప్పుడు బొమ్మల్లో గీసినట్టు కన్నీటిబొట్టు ఆకారంలో ఉండదు. చిన్నదైతే గుండ్రంగా, పెద్దదైతే కింద గాలి ఒత్తిడికి అడుగు చదునై ఉంటుంది. మీ ముంజేతి మీద పడి చిట్లిన ఆ ఒక్క చినుకులో, మీరెన్నడూ చూడని సముద్రం మీద విరిగిన అల తాలూకు ఉప్పు ఉండి ఉండొచ్చు.

ఇప్పుడు చెప్పినదాంట్లో “ఇక్కడితో సైన్స్ అయిపోయింది, ఇక్కణ్ణుంచి దేవుడు” అని ఎక్కడైనా గీత కనిపించిందా? కనిపించకూడదు కూడా. గొలుసులో ఏ లింకు దగ్గర ఖాళీ ఉందా అని చూడకండి. అసలు గొలుసంటూ ఒకటి ఉండటాన్ని చూడండి. ఏమీ లేకుండా ఉండే వీలుండగా ఇదంతా ఎందుకుంది? ఆవిరి నిన్న ఎలా నడుచుకుందో ఇవాళా అలాగే ఎందుకు నడుచుకుంటోంది? మీ ల్యాబ్‌లో నిన్న వచ్చిన ఫలితం ఇవాళ అదే నీటితో, అదే పద్ధతిలో చేస్తే మళ్లీ వస్తుందన్న భరోసాతోనే మీరు పరీక్ష మొదలుపెడతారు. ఆ భరోసాని ఏ పరీక్షా రుజువు చేయలేదు. ప్రతి పరీక్షా దాని మీదే నిలబడుతుంది. నమ్మేవాడు ఆ నిలకడలో ఒకరు మాట నిలబెట్టుకోవడాన్ని చూస్తాడు. నమ్మనివాడు నిలకడను చూసి అక్కడితో ఆగుతాడు. ఇద్దరూ చూస్తున్నది అదే చినుకు.

దీన్ని రుజువు అనుకోకండి. రుజువని ఎవరైనా చెబితే కాస్త జాగ్రత్తపడండి. ముఖ్యంగా మబ్బులో దేవుడి ఆకారం, పండులో ఓంకారం, చెట్టు బెరడు మీద సిలువ అంటూ ఫోన్లలో తిరిగే ఫోటోలున్నాయే, వాటిని పాపకి చూపించకండి. అందులో సగం ఎడిటింగ్ అని దానికి పన్నెండేళ్లకే తెలిసిపోతుంది. ఆ రోజు ఫోటోతో పాటు ఇంకేం పారేస్తుందో చెప్పలేం.

సాయంత్రం ఆకాశం సంగతి. అది మూడే కావచ్చు. మెదడులో ఏదో జరిగింది కాబట్టి అది మెదడు కల్పనే అనే వాదన మాత్రం నిలవదు. లెక్క చేసేటప్పుడూ మెదడులో ఏదో జరుగుతుంది, అందువల్ల లెక్క తప్పయిపోదు కదా. అయితే నాకు సూర్యాస్తమయాల మీద వేరే అనుమానం ఉంది. అవి మరీ సులువు. ఎర్రటి ఆకాశం ముందు ఎవరికైనా మనసు నిండుతుంది. తలనొప్పిగా ఉన్న రోజు నిండదు. ఆ రోజు దేవుడు సెలవు పెట్టినట్టా? మనసు నిండటాన్ని కొలమానంగా పెట్టుకుంటే మీరు చూసేది ఆకాశాన్ని కాదు, మీ మనసునే. వచ్చినప్పుడు సంతోషంగా తీసుకోండి, దాని వెంటపడకండి.

మీ అమ్మగారి చూపు వేరు. ఆవిడది మూడ్ కాదు, అలవాటు. ఏళ్ల తరబడి ప్రతి పొద్దున ఏదో ఒకదాన్ని చూసి ఒకరి పేరు తలుచుకోవడం వల్ల ఆ దారి బాగా అరిగి నున్నబడింది. అందులో ఒక ప్రమాదమూ ఉంది, ఆవిడ ఏమీ అనుకోకపోతే చెబుతాను. పేరు మరీ తొందరగా నోటికొచ్చేస్తే ఇక పువ్వును చూడాల్సిన అవసరం ఉండదు. మీరు పువ్వును చూస్తున్నారు. అది చిన్న విషయమేం కాదు.

మీకు నేను చెప్పేది ఇది. కళ్లకు అంత ఇంపుగా లేని జీవిని ఒకదాన్ని ఎంచుకోండి. గోడ మీద నాచో, చీమల బారో, మూలనున్న సాలీడో. కొన్ని వారాల పాటు రోజూ కాసేపు దాని దగ్గర కూర్చోండి. ఫోటో తీయకండి. దాన్నుంచి నీతి పిండకండి. చీమను చూసి కష్టపడటం నేర్చుకోవాలి, సాలీడును చూసి పట్టుదల నేర్చుకోవాలి అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. చీమ మన కోసం పాఠం చెప్పడానికి పుట్టలేదు, దాని పని అది చేసుకుంటోంది. దానికి ఇప్పుడు ఏం కావాలి, అది ఎక్కణ్ణుంచి అందుతోంది అని మాత్రం అడగండి. ఆ తర్వాత, అందుతున్నది ఎక్కణ్ణుంచి అందుతోంది అని. మీ సైన్స్ ఇక్కడ మీకు అడ్డం కాదు, అదే మీ కళ్లజోడు.

ఒక ఉదాహరణ చెబుతాను. చిక్కుడు జాతి మొక్క దేన్నైనా వేళ్లతో సహా మెల్లగా పెకలించి, నీళ్లలో కడిగి చూడండి. వేళ్ల మీద ఆవగింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చండి. లోపల లేత గులాబీ రంగు. మన నెత్తుటికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌కి దగ్గరి చుట్టం లాంటి పదార్థం అది. గాలిలో 78 శాతం నత్రజనే. మొక్క నిలువునా అందులో మునిగి ఉన్నా తనంతట తాను ఒక్క పిసరు కూడా వాడుకోలేదు. ఈ బుడిపెల్లో కాపురముండే బాక్టీరియా దాన్ని పట్టి మొక్కకు పనికొచ్చేలా మార్చి ఇస్తుంది. బదులుగా మొక్క ఆకుల్లో తయారైన చక్కెరను కిందికి పంపుతుంది. బాక్టీరియా ఊపిరికి ఆక్సిజన్ కావాలి, కానీ అది కొంచెం ఎక్కువైనా నత్రజనిని పట్టే పని చెడిపోతుంది. ఆ గులాబీ పదార్థం ఆక్సిజన్‌ని పట్టి ఉంచి, కావలసినంతే వదులుతూ ఉంటుంది. మీరు గోటితో చీల్చే క్షణం దాకా ఈ ఇచ్చిపుచ్చుకోవడం మట్టి కింద చీకట్లో, ఎవరూ చూడకుండా జరుగుతూనే ఉంది. దేవుడు “పని చేశాడు” అని కాకుండా “చేస్తున్నాడు” అనడంలో నాకు తోచే అర్థం అలాంటిది. దాన్ని చూశాక ఎవరికైనా థాంక్స్ చెప్పాలనిపిస్తే చెప్పండి. అనిపించకపోతే చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్లండి. రెండో రోజు మళ్లీ వేరే మొక్క పీకకండి, పాపం.

ఇలా నిజంగా చూడటం మొదలుపెడితే నాలుగు రోజుల్లో ఏం జరుగుతుందో కూడా ముందే చెప్పాలి. ఆ చీమలు బతికున్న పురుగును లాక్కెళ్లడం చూస్తారు. పురుగు మెలికలు తిరుగుతూ ఉంటుంది. డార్విన్‌ని పట్టి కుదిపింది ఇలాంటి దృశ్యమే. కొన్ని జాతుల కందిరీగల పిల్లలు బతికున్న గొంగళిపురుగు లోపలే ఉండి దాన్ని తింటూ పెరుగుతాయి. దయగల దేవుడు వీటిని కావాలని సృష్టించాడని తనను తాను ఒప్పించుకోలేకపోతున్నానని 1860లో ఆయన ఏసా గ్రే అనే వృక్షశాస్త్రవేత్తకు రాశాడు. గ్రే ఆస్తికుడు, డార్విన్ సిద్ధాంతానికి అమెరికాలో గట్టి సమర్థకుడు కూడా. నేను ఆ ఉత్తరంతో వాదన పెట్టుకోను. సూర్యాస్తమయాన్ని మాత్రమే చూసే భక్తుడి కంటే ఆ ఉత్తరం రాసిన మనిషి ప్రకృతిని ఎక్కువ గౌరవించాడు.

ఇక పిడుగు. మీ తర్కంలో తప్పు లేదు. పూలల్లో ఉండి పిడుగులో లేని దేవుడు ప్రకృతిలో ఉన్నట్టు కాదు, మన ఇష్టాయిష్టాల్లో ఉన్నట్టు. భూమ్మీద ఎక్కడో ఒకచోట సెకనుకి నలభైకి పైగా మెరుపులు మెరుస్తూనే ఉంటాయి. ఆ దారిలో గాలి సుమారు 30,000 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, సూర్యుడి ఉపరితలానికి ఐదు రెట్లు. ఆ వేడికి గాలిలోని నత్రజని విడిపోయి ఆక్సిజన్‌తో కలుస్తుంది, వానతో పాటు నేలలోకి దిగుతుంది. బుడిపెల్లో బాక్టీరియా నెమ్మదిగా చేసే పనిలో కొంత పిడుగు ఒక్క దెబ్బకి చేస్తుందన్నమాట. “చూశారా, పిడుగు వల్ల కూడా లాభముంది” అని నేను అనబోవడం లేదు. ఆ లాభం మీ పిన్నిగారికి ఏ మూలకి? మనిషి ప్రాణం ముందు ఆ తూకం వేయడమే తప్పు.

“దేవుడి చిత్తం” అన్న మాటని రెండు రకాలుగా అనొచ్చు. పిడుగు పిడుగులా, నిప్పు నిప్పులా, నీరు నీరులా పనిచేసే లోకాన్ని దేవుడు నిలబెడుతున్నాడు, ఆ లోకంలో మీ బాబాయి చనిపోయారు అని ఒక అర్థం. ఇది నేను నమ్ముతాను. దేవుడు గురి చూసి మీ బాబాయిని కొట్టాడని ఇంకో అర్థం. ఇది నేను నమ్మను. పిడుగు ఎత్తుగా ఉన్నదాన్ని, దారి సులువుగా ఉన్నచోటిని పట్టుకుంటుంది, దానికి మనుషుల పేర్లు తెలియవు. మరి ఆ ఒక్కదాన్ని పక్కకి తిప్పొచ్చుగా అని మీరు అడుగుతారు. ప్రతి పిడుగునీ, ప్రతి అలనీ మనిషి ఎదురైనప్పుడల్లా పక్కకి తిప్పే లోకంలో దేని మీదా ఆధారపడలేం, చినుకు గురించి చెప్పిన ఆ నిలకడే ఉండదు అని నా జవాబు. ఈ జవాబు పగలు బాగానే ఉంటుంది. రాత్రి నిద్ర పట్టనివాళ్లకి ఇది చాలదు. చాలినట్టు నటించను.

బైబిల్లోని యోబు కథ మీకు తెలిసే ఉంటుంది. పిల్లలు పోయారు, ఆస్తి పోయింది, ఒళ్లంతా పుళ్లు. స్నేహితులు వచ్చి, ఎందుకిలా జరిగిందో వరుసగా వివరించారు. చివరికి సుడిగాలిలోంచి దేవుడే మాట్లాడతాడు, మాట్లాడి ఒక్క వివరణా ఇవ్వడు. కొండమేకలు ఎప్పుడు ఈనుతాయో తెలుసా అని అడుగుతాడు. అడవి గాడిద సంగతి, డేగ సంగతి చెబుతాడు. మనిషన్నవాడు లేని ఎడారి నేల మీద వాన కురిపించేదెవరని అడుగుతాడు. ఇదేం జవాబని చాలామందికి కోపం వస్తుంది, నాకూ కొన్నిసార్లు వస్తుంది. కానీ ఆఖర్న దేవుడు చీవాట్లు పెట్టింది మొరపెట్టుకున్న యోబుకి కాదు, వివరించిన స్నేహితులకి. మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు, యోబు మాట్లాడాడు అంటాడు. మన అర్జునుడి సంగతీ చూడండి. చూపించమని తనే అడిగాడు. విశ్వరూపం చూశాక వణికిపోయి, దయచేసి ఆ పాత సౌమ్యరూపమే చూపించమని వేడుకున్నాడు. పక్కనే కృష్ణుడున్నవాడి పరిస్థితే అది. పిడుగు ముందు మీకు నోట మాట రాకపోతే, కోపం వస్తే, అది భక్తిలో లోపం కాదు. మీరు చూడాల్సినదాన్నే చూశారు.

పిన్నిగారి దగ్గరికి వెళ్తూ ఉండండి, వెళ్లినప్పుడు ఏ వ్యాఖ్యానమూ వెంట తీసుకెళ్లకండి. ఆవిడే “దేవుడి చిత్తం” అంటే అననివ్వండి, ఆ మాట అనే హక్కు ఆవిడకుంది. పరామర్శకి వచ్చి కాఫీ తాగి వెళ్లేవాళ్లకి లేదు.

పాపకి ఏం చెప్పాలి? “వాన మబ్బుల నుంచే వస్తుంది, టీచర్ చెప్పింది నిజం. మబ్బులు అలా పనిచేసేలా ఎప్పటికప్పుడు ఉంచుతున్నది దేవుడని నేను నమ్ముతాను, నానమ్మ చెప్పేది అదే” అనండి. “నేను నమ్ముతాను” అన్న ముక్క మింగేయకండి. మీ నమ్మకం మీదని తెలిస్తే పెద్దయ్యాక తన నమ్మకం తను వెతుక్కుంటుంది. మంచి పిల్లలుంటే వానలు పడతాయని మాత్రం ఎవరు చెప్పినా ఆపండి. వాన పడని ఏడు వస్తుంది, ఆ తప్పు తనదే అనుకుంటుంది. “మరి చిన్న తాతయ్యని దేవుడు ఎందుకు కాపాడలేదు?” అని ఎప్పుడో ఒకరోజు అడుగుతుంది. నాకు తెలియదమ్మా, నాకింకా బాధగానే ఉంది అని చెప్పండి.

ఇంకొక పని కూడా ఉంది, దాన్ని భక్తి కింద లెక్కేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఉరుము వినిపించిందంటే పిడుగు పడేంత దగ్గరలో మనం ఉన్నట్టే అని పాపకి నేర్పండి. చెట్టు కింద నిలబడకూడదు, ఆరుబయట ఉండకూడదు, నీళ్లలో ఉంటే వెంటనే బయటికి రావాలి. గట్టి కట్టడం లోపలికో, అద్దాలన్నీ మూసేసిన కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము వినిపించాక అరగంట గడిచేదాకా బయటికి రాకూడదు. అమ్మగారికి కూడా ఇదే చెప్పండి. ఉరుముతుంటే ఆరేసిన బట్టల కోసం మేడ మీదికి పరిగెత్తే మనిషి ఆవిడే అయ్యుంటారు.